రిపోర్టు వచ్చాక కంచంలో ఏం మారుతుంది

(రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి, వారి ఇంటివాళ్లకు ఏర్పాటైన సభలో ఒక ఆంకాలజీ డైటీషియన్ చేసిన ప్రసంగం. చివర సభలోంచి వచ్చిన ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చేయండి, కుర్చీలున్నాయి.

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజు సాయంత్రానికే ఇంట్లో కొన్ని పనులు జరిగిపోతాయి. పంచదార డబ్బా అటకెక్కుతుంది. పాలు ఆపేస్తారు. లక్ష్మణ ఫలం క్యాన్సర్‌ను చంపేస్తుందని ఎవరో ఒక బంధువు వీడియో పంపిస్తాడు. ఇంకా సర్జన్‌ని కలవనే లేదు, మందు మొదలే కాలేదు, కానీ తిండి అప్పటికే మారిపోయింది. ఇన్నేళ్లూ అందరికీ వడ్డించి చివర్లో తినే మనిషి కంచంలోకి ఇప్పుడు ఇల్లంతా తొంగి చూస్తుంది. ఆమె మనసులో మాత్రం ఒకటే ప్రశ్న: "నేనేం తిన్నానని నాకిది వచ్చింది?"

దీనికి నేరుగా జవాబు చెప్పుకుని ముందుకు పోదాం. ఫలానా కూర వల్ల, ఫలానా పచ్చడి వల్ల వచ్చిందని చెప్పే ఆధారం లేదు. వయసు, కుటుంబంలో వచ్చే జన్యువులు, శరీరంలో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఎన్నేళ్లు పనిచేసింది అన్నవి పెద్ద కారణాలు. తిండికి దగ్గరగా ఉన్నవి రెండు: మద్యం, నెలసరి ఆగిపోయాక పెరిగే బరువు. అవి కూడా ప్రమాదాన్ని పెంచుతాయి, అంతే. ఒక మనిషిని చూపించి "నీకు ఇందుకే వచ్చింది" అనడానికి పనికిరావు. అత్తగారైనా, ఆడపడుచైనా, ఆ మాట అనకండి.

ముందుగా ఆపరేషన్. మన ఇళ్లలో కుట్లు పడ్డాయంటే పథ్యం మొదలవుతుంది. పప్పు తింటే చీము పడుతుందంటారు. వంకాయ, గోంగూర దురద అంటారు. గుడ్డు వేడి, పెరుగు చలవ. అన్నీ తీసేశాక మిగిలేది బీరకాయ కూర, చారన్నం. గాయం మానాలంటే శరీరానికి ప్రోటీన్ కావాలి, పైగా గాయం దగ్గర పెట్టే డ్రెయిన్ గొట్టంలోంచి రోజూ పోయే ద్రవంలో కూడా ప్రోటీన్ ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలో పప్పు ఆపేస్తున్నాం. చీము పట్టేది బ్యాక్టీరియా వల్ల. షుగర్ అదుపులో లేకపోతే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. కందిపప్పుకు అందులో పాత్ర లేదు. ఆపరేషన్ అయ్యాక తినొచ్చని డాక్టర్ చెప్పిన పూట నుంచే మెత్తని ముద్దపప్పు, గుడ్డు, పెరుగు పెట్టొచ్చు.

ఎంత పెట్టాలి? చికిత్స నడుస్తున్నప్పుడు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాముల దాకా ప్రోటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి మధ్యస్థంగా 1.2 వేసుకుంటే 72 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు లెక్క వేరు, వాళ్లు డాక్టర్‌ని అడగాలి.

ఇప్పుడు మన మామూలు రోజు లెక్కేద్దాం. పొద్దున మూడు ఇడ్లీ, చట్నీ కలిపి ఎనిమిది, తొమ్మిది గ్రాములు. మధ్యాహ్నం రెండు కప్పుల అన్నానికి ఎనిమిది. కప్పు పప్పుకు, అంటే ముప్పై గ్రాముల కందిపప్పు పడితే, ఆరు. చిన్న కప్పు పెరుగు మూడు. టీ రెండు. రాత్రి అన్నం, కూర, మజ్జిగ పది. కలిపితే నలభై దాటదు. అదే పప్పు పల్చగా పప్పుచారు చేస్తే ఆరు కాస్తా రెండవుతుంది. చారులో లెక్కపెట్టాల్సినంత ఏమీ లేదు. రాగిజావ బలం అని గ్లాసులకు గ్లాసులు పోస్తారు. ముప్పై గ్రాముల రాగిపిండిలో ప్రోటీన్ రెండు గ్రాములే. అందులో క్యాల్షియం మంచిది, ఆ సంగతి తర్వాత వస్తుంది. మేక కాళ్ల సూపు కూడా అంతే: నీళ్లు తాగించి ముక్కలు ఇంట్లోవాళ్లు తినేస్తే ఆమెకు అందింది చాలా తక్కువ.

లోటు ముప్పై గ్రాముల పైనే. రెండు గుడ్లు పన్నెండు. గ్లాసు పాలు ఆరు, ఏడు. గుప్పెడు పల్లీలు ఏడు. వంద గ్రాముల చికెన్ గానీ చేప గానీ పెడితే దగ్గర దగ్గర ఇరవై. శాకాహారులకు ముప్పై గ్రాముల మీల్‌మేకర్‌లో పదిహేను, యాభై గ్రాముల పనీర్‌లో తొమ్మిది. ఇవన్నీ ఒక్కరోజే పెట్టాలని కాదు, రెండు మూడు కలిపితే లెక్క సరిపోతుంది.

ఖరీదైన ప్రోటీన్ పొడి డబ్బా కొనలేకపోతే బెంగపడొద్దు. వంద గ్రాముల పుట్నాలపప్పు, వంద గ్రాములు వేయించి పొట్టు తీసిన పల్లీలు, వంద గ్రాముల వెన్న తీసిన పాలపొడి తీసుకోండి. మూడు పెద్ద చెంచాలు, అంటే ముప్పై గ్రాముల పొడిలో ఎనిమిది గ్రాముల ప్రోటీన్ వస్తుంది. పల్లీల్లో ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి, బూజు విషం వాటిలోనే ఎక్కువగా ఉంటుంది. మిక్సీని ఆపకుండా తిప్పితే పల్లీల నూనె బయటికొచ్చి పొడి ముద్దయిపోతుంది. పుట్నాలతో కలిపి ఆపి ఆపి తిప్పి, పాలపొడి చివర్లో చేత్తో కలపండి. జావలో వేసేటప్పుడు ముందు కొంచెం చల్లని పాలలో ఉండలు లేకుండా కలిపి, జావ దించాక పోయండి. డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి పది, పదిహేను రోజుల్లో వాడేయండి.

ఇక కీమో. "ఏం మానాలి మేడమ్?" అని అడుగుతారు అందరూ. దానికంటే "ఇవాళ ఎన్నో రోజు?" అని అడగడం ఎక్కువ ఉపయోగం. ఏసీ అని రాసేది రెండు మందుల జత: ఎర్ర మందు, అంటే డాక్సోరుబిసిన్, దాంతోపాటు సైక్లోఫాస్ఫమైడ్. ఇవి మూడు వారాలకోసారి ఎక్కిస్తారు, కొందరికి రెండు వారాలకోసారి. ఆ మూడు వారాల్లో తిండి మూడు రకాలుగా ఉంటుంది. ఇరవై ఒక్క రోజులూ ఒకే పథ్యం నడిపించేసరికే గొడవంతా వస్తుంది.

మొదటి నాలుగైదు రోజులు వికారం. కీమో రోజు ఖాళీ కడుపుతో రావద్దు, వికారం ఎక్కువవుతుంది. రెండు ఇడ్లీలో, కొంచెం ఉప్మానో తిని రండి. పూరీ, గారెలు వద్దు. వాంతుల మాత్ర భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి, వాంతయ్యాక కాదు. ఇంట్లో తాలింపు వాసనకే కడుపులో తిప్పుతుంది, అందుకని ఆమె హాస్పిటల్‌లో ఉన్నప్పుడే ఇంట్లో వంట అయిపోవాలి. వేడి తిండి వాసన ఎక్కువ, చల్లారిన తిండి వాసన తక్కువ. గోరువెచ్చని పెరుగన్నం, పెసరకట్టు అన్నం, చల్లార్చిన జావ ఈ రోజుల్లో లోపలికి పోతాయి. రెండు గంటలకోసారి గుప్పెడు చాలు. పెద్ద కంచం నిండా పెట్టి ఎదురుగా కూర్చుంటే చూడగానే తినబుద్ధి పోతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. "పాపం, కీమో రోజు కదా" అని ఆమెకు ప్రాణమైన చేపల పులుసు చేసి పెడతారు. పెట్టకండి. తిన్నది, ఆ తర్వాత వచ్చిన వాంతి రెండూ మెదడులో ముడిపడిపోతాయి. వాంతి మందు వల్లే వచ్చిందని బుద్ధికి తెలిసినా నాలుక వినదు. 1978లో ఇలీన్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త కీమో తీసుకుంటున్న పిల్లల మీద ఇది చూపించింది: మందుకు ముందు కొత్త రుచి ఐస్‌క్రీమ్ తిన్న పిల్లలు తర్వాత దాన్ని వద్దన్నారు. కొందరికి ఈ విముఖత చికిత్స అయ్యాక కూడా ఉండిపోతుంది. ఇష్టమైన వంటలు మూడో వారానికి దాచండి. కీమో పూట పెద్దగా ఇష్టం, అయిష్టం లేని తిండి పెట్టండి. దాని మీద మనసు విరిగినా నష్టం లేదు.

వికారం తగ్గించే ఆండాన్‌సెట్రాన్ మాత్రే మలబద్ధకం తెస్తుంది. రెండో రోజు నుంచే మొదలవుతుంది. రెండు లీటర్ల దాకా నీళ్లు, మజ్జిగ, నానబెట్టిన ఎండుద్రాక్ష, బొప్పాయి పండు. ఇసబ్‌గోల్ వేసుకునేవాళ్లు గ్లాసు నిండా నీళ్లతో తాగి, వెనకాలే ఇంకో గ్లాసు తాగాలి, లేకపోతే అది లోపల గడ్డకట్టి ఇంకా ఇబ్బంది పెడుతుంది. రెండు రోజులు విరేచనం కాకపోతే డాక్టర్‌కి చెప్పండి, సిరప్ రాస్తారు. ముక్కుతూ కూర్చోవద్దు. ఇదే రోజుల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా ఉంటుంది. అది షుగర్‌ను బాగా పెంచేస్తుంది, నిద్ర చెడగొడుతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఈ రోజుల్లో రోజూ చూసుకోవాలి. మాత్ర టిఫిన్ తిన్నాక పొద్దునే వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి.

రెండో వారం వేరే సమస్య. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్యలో క్రిములతో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి. సరిగ్గా ఆ వారంలోనే వికారం తగ్గి ఆకలి తిరిగొస్తుంది, "బాగుంది కదా, పానీపూరీ తినొస్తా" అనిపిస్తుంది. ఇప్పుడు భయపడాల్సింది తిండిలో ఉన్న బ్యాక్టీరియాకి. పచ్చివన్నీ మానేసే కఠినమైన న్యూట్రోపీనిక్ డైట్‌ను మామూలు శుభ్రతతో పోల్చి చూసిన పరీక్షల్లో అదనపు లాభం కనిపించలేదు. అందుకని పండ్లన్నీ ఆపేయకండి. అరటి, కమలా, దానిమ్మ లాంటివి పారే నీళ్లలో కడిగి, కడిగిన చాకుతో, కడిగిన చేతులతో కోసి తినొచ్చు.

మానాల్సినవి ఇవీ. పచ్చి మొలకలు: ఆరోగ్యమని అందరూ చెప్పేవే, కానీ తేమలో, వెచ్చదనంలో మొలకతోపాటు బ్యాక్టీరియా కూడా పెరుగుతుంది. ఉడికించి తినండి. గోధుమ గడ్డి రసం, కాచని పాలు, ఐసు వేసిన చెరుకురసం, సగం ఉడికిన గుడ్డు. బయట చేసిన కొబ్బరి చట్నీ. చద్దన్నం, ఎంత ఇష్టమైనా. వండిన అన్నం రాత్రంతా బయట ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం తయారు చేస్తుంది, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. మిగిలిన అన్నం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు, కణాలు మరీ తక్కువుంటే మీ డాక్టర్ మాటే వినండి. పిండి పులిసినా ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది, ఇబ్బంది లేదు. 100.4 జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని పొద్దుటి దాకా చూద్దామని ఆగొద్దు, ఆ రాత్రే హాస్పిటల్‌కి రండి.

ఈ వారమే నోరు పూస్తుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించండి. కారానికి అలవాటుపడ్డ నోటికి కారం లేని తిండి గడ్డిలా ఉంటుంది, ఆ బాధ చిన్నది కాదు. కారం బదులు వేయించిన జీలకర్ర, ఇంగువ, నెయ్యి వాడండి. పుండ్లు లేకపోతే నిమ్మకాయ, చింతపండు నోట్లోని లోహపు రుచిని కాస్త కప్పుతాయి. పుండ్లుంటే అవే మండిస్తాయి. కారప్పొళ్లు, వేపుళ్లు పుండు మీద గీరుకుంటాయి. లోహపు రుచి తెలియకుండా ప్లాస్టిక్ చెంచాతో తినమని బయటి దేశాల కరపత్రాల్లో ఉంటుంది. చేత్తో తినేవాళ్లకు ఆ సలహా ఎందుకు? స్టీలు గ్లాసు బదులు గాజు గ్లాసు వాడితే చాలు.

మూడో వారం ఆమెది. రుచి చాలావరకు తిరిగొస్తుంది, కణాలు పైకొస్తాయి. చేపల పులుసు, ఇంట్లో చేసిన బిర్యానీ, గుత్తివంకాయ, ఏదడిగితే అది. మొదటి వారంలో పోయిన ప్రోటీన్‌ను ఇక్కడే పూడ్చాలి.

ఏసీ అయ్యాక చాలామందికి పాక్లిటాక్సెల్, వారం వారం పన్నెండు సార్లు. దీనికి వాంతులు తక్కువ, చేతివేళ్లు మొద్దుబారడం ఎక్కువ. పొగలు కక్కే అన్నంలో పప్పు కలిపినప్పుడు వేలికి వేడి తెలియదు, కాలాక బొబ్బ కనిపిస్తుంది. అన్నం ఆరబెట్టి పెట్టండి. కూరగాయలు కోసే పని వేరేవాళ్లు తీసుకోండి.

బరువు గురించి చెప్పాలి. క్యాన్సర్ అంటే చిక్కిపోతారని అనుకుంటాం. రొమ్ము క్యాన్సర్‌లో చాలామంది లావవుతారు. స్టెరాయిడ్లు, కదలిక తగ్గడం, కీమోతో నెలసరి ఆగిపోవడం, వికారం పోవాలని మాటిమాటికీ తినే బిస్కెట్లు. పెరిగేది కొవ్వు, అదే సమయంలో కండ తగ్గుతుంది, అందుకే బరువు పెరిగినా మెట్లెక్కలేరు. "బలానికి" అని రోజూ నెయ్యి సున్నుండలు, డ్రైఫ్రూట్ లడ్లు పెట్టే ఇళ్లు ఇది గమనించాలి. మరోవైపు, అనుకోకుండా అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గితే, అంటే ఐదు శాతం, అది మాకు చెప్పాల్సిన విషయం. వారానికి ఒకసారి, ఒకే మిషన్ మీద, పొద్దున టిఫిన్‌కు ముందు చూసుకోండి. రోజూ చూసి దిగులుపడొద్దు.

హార్మోన్‌తో పెరిగే రకం క్యాన్సర్ అయితే, చికిత్స అయ్యాక ఐదు నుంచి పదేళ్లు హార్మోన్ మాత్రలు. వాటిలో ఈస్ట్రోజన్‌ను తగ్గించే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వేసుకునేవాళ్లకు ఎముకలు పల్చబడతాయి. రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల క్యాల్షియం చూసుకోవాలి. రెండు గ్లాసుల పాలలో నాలుగు వందల పైచిలుకు, గుప్పెడు రాగిపిండిలో వంద, ఒక పెద్ద చెంచా పొట్టు నువ్వుల్లో వంద దాకా. రాగిజావకు విలువ ఇక్కడ. మిగతాది డాక్టర్ రాసే మాత్రతో, విటమిన్ డి పరీక్ష చూసి.

మాత్రలకీ తిండికీ గొడవలున్నాయి. కేపెసిటాబిన్ అనే కీమో మాత్ర భోజనమయ్యాక అరగంటలోపు. లపాటినిబ్ అనే ఇంకో క్యాన్సర్ మాత్ర భోజనానికి గంట ముందు గానీ, గంట తర్వాత గానీ. రెండూ వాడేవాళ్లు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించుకోండి, పొరపాటు జరిగేది అక్కడే. పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ అనే క్యాన్సర్ మాత్రలు వాడుతుంటే గ్రేప్‌ఫ్రూట్, మన పంపర పనస తినకూడదు. మందు రక్తంలో ఎక్కువైపోతుంది. కూరలో పసుపు ఎవరికీ ఇబ్బంది లేదు. పసుపు సారం క్యాప్సూళ్లు, మిరియాల సారంతో కలిపి అమ్మేవి, టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్రతో వేసుకోకండి. మందు శరీరంలోకి వెళ్లి ఏ రూపంలో పనిచేస్తుందో ఆ ఎండాక్సిఫెన్ తగ్గిపోతుందని నెదర్లాండ్స్‌లో చేసిన ఒక చిన్న పరీక్ష చూపించింది. లక్ష్మణ ఫలం ఆకు కషాయాలు రోజూ తాగొద్దు, అందులో నరాలకు హాని చేసే పదార్థం ఉంది. తిప్పతీగ వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. కీమో మందుల్లో చాలా వాటిని శుద్ధి చేసేది ఆ లివరే.

ప్రశ్నలు అడగండి.

"పంచదార క్యాన్సర్‌కు మేత అంటారు, నిజమేనా?"

పెట్ స్కాన్‌లో గ్లూకోజ్ లాంటి పదార్థం ఎక్కిస్తే కణితి వెలుగుతుంది, ఈ మాట అక్కడి నుంచి వచ్చింది. కణితి గ్లూకోజ్ వాడుకోవడం నిజం. మెదడు కూడా వాడుకుంటుంది. మీరు పంచదార పూర్తిగా మానేసినా లివర్ గ్లూకోజ్ తయారు చేసి రక్తంలో పెడుతుంది, కణితి పస్తుండదు. కాఫీలో ఒక చెంచా వేసుకోండి. రోజూ స్వీట్లయితే బరువు పెరుగుతుంది, అందుకు వద్దు. షుగర్ జబ్బుంటే అది వేరే మాట.

"సోయాలో ఈస్ట్రోజన్ ఉంటుంది కదండీ, మీల్‌మేకర్ పెట్టమంటారేంటి?"

సోయాలో ఉండేది మొక్కల ఐసోఫ్లావోన్, మన శరీరంలో ఈస్ట్రోజన్ కాదు. షాంఘైలో 5,042 మంది రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్లను గమనించి 2009లో అచ్చువేసిన అధ్యయనంలో, సోయా తిండి ఎక్కువ తిన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తక్కువగా కనిపించింది. వారానికి రెండు మూడు సార్లు మీల్‌మేకర్ కూర హాయిగా తినండి. ఐసోఫ్లావోన్ మాత్రలు మాత్రం వద్దు.

"బాయిలర్ కోడికి హార్మోన్ ఇంజెక్షన్లు చేస్తారట?"

ఆ కోడి త్వరగా పెరిగేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. వేల కోళ్లకు ఒక్కోదానికి సూది వేసి ఎవరు గిట్టుబాటు చేసుకుంటారు? నాటుకోడి రుచి కోసం తింటే తినండి. పచ్చి కోడి కోసిన పీటనీ చాకునీ సబ్బుతో కడగకుండా దాని మీదే కొత్తిమీర తరగడం, అసలు ప్రమాదం అది.

"కూరగాయలు, పండ్లు ఎంత ఎక్కువ తింటే తిరగబెట్టడం అంత తగ్గుతుందా?"

అమెరికాలో 3,088 మందితో దీన్నే పరీక్షించారు, 2007లో ఫలితం వచ్చింది. మామూలుగా సలహా ఇచ్చే దానికంటే చాలా ఎక్కువ కూరగాయలు, పండ్లు, పీచు, తక్కువ కొవ్వు తిన్నవాళ్లకీ మిగతావాళ్లకీ తిరగబెట్టడంలో తేడా రాలేదు. రోజూ రెండు కూరలు, రెండు పండ్లు చాలు. గిన్నెడు జ్యూసులతో కడుపు నింపితే గుడ్డుకు చోటుండదు.

"కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండొచ్చా?"

చికిత్స అయిపోయి, టామోక్సిఫెన్ లాంటి మాత్రల మీద మాత్రమే ఉండి, షుగర్ లేనివాళ్లు పాలు, పండ్లు, నీళ్లు తీసుకుంటూ ఉండొచ్చు, మాత్ర మానొద్దు. కీమో నడుస్తుంటే మొదటి రెండు వారాల్లో వద్దు. మూడో వారంలో సోమవారం పడి, మనసు ఒప్పుకోకపోతే, ఒంటిపూట భోజనం చేసి రెండో పూట పాలు, అరటిపండు, గుప్పెడు పల్లీలు తీసుకోండి. కేపెసిటాబిన్ వేసుకునేవాళ్లు మాత్రం రెండు పూటలా ఏదో ఒకటి తినాలి, ఖాళీ కడుపుతో ఆ మాత్ర వేసుకోకూడదు.